కుంచెకు ముందు కథ

చెట్టుకొమ్మనుండి శవమును దించి భుజముపై వైచుకొని, ఒక చేత కత్తి బూని, మౌనముగా శ్మశానమువైపు నడచిపోవు విక్రమార్కుని బొమ్మను చూడకయే బాల్యమును దాటినవారు నిన్నమొన్నటి తరములలో బహుశః లేరు. ఆ బొమ్మను గీసినది తమిళదేశమున ఈరోడు ప్రాంతమునుండి వచ్చి, మద్రాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చదివి, 1952లో ‘చందమామ’ కార్యాలయమున అడుగిడిన కె.సి. శివశంకరన్; పాఠకలోకము ఆయనను శంకర్ అని మాత్రమే యెరుగును. సరిగా ఆ సంవత్సరముననే ఆ పత్రిక సంపాదకత్వభారమును తలకెత్తుకొని, 1980లో కన్నుమూయువరకు మోసిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలివాడు. 1947 జూలైలో బి. నాగిరెడ్డితో కలసి ఆ పత్రికను స్థాపించిన చక్రపాణి, అనగా ఆలూరి వెంకటసుబ్బారావు, తెనాలివాడే. రాకాసులును, మాంత్రికులును, శిథిలాలయములును నిండిన రంగుల ధారావాహికలతో రెండు తరముల పిల్లల నిద్రలను దోచుకొన్న దాసరి సుబ్రహ్మణ్యము సైతము ఆ ప్రాంతీయుడే. బొమ్మలు వేసిన చేతులు తమిళదేశమువి. ఆ చేతులకు పని కల్పించిన కథలు మాత్రము తెనాలి గాలి పీల్చిన బుద్ధులనుండి వెలువడినవి.

ప్రాంతీయాభిమానముచేత ఈ మాట నెత్తుకొనలేదు. బొమ్మలు వేయుటను వృత్తిగా స్వీకరింపనెంచిన పదునెనిమిదేండ్ల కుర్రవాడు గాని, ఆడపిల్ల గాని, తెనాలిలోనో బాపట్లలోనో రేపల్లెలోనో కూర్చుండి ‘ఎక్కడ మొదలుపెట్టవలెను?’ అని యడిగినపుడు మనవారు సాధారణముగా చూపు త్రోవలు రెండే: మంచి కళాశాలలో చేరుము, లేదా మంచి కాగితమును రంగులను కొనుము, నేటి మాటలలో చెప్పినచో మంచి టాబ్లెట్ కొనుము. రెండును అవసరములే. అయినను ఈ మూడు ఊళ్ల వెనుకటి సంగతులను తరచి చూచినవారికి, ఈ రెండింటికంటెను ముందుగా నిలిచిన వేరొక సంగతి కనబడును. ఎవరో యొకరు ఒక వ్రాతను చేతికిచ్చి, దీనికి బొమ్మ కావలెనని యడిగిన దినముననే కథాచిత్రకారుని వృత్తి పుట్టుచున్నది. ఆ వ్రాతను వాడు చదివిన తీరునుబట్టియే ఆ వృత్తి నిలుచుటయో నశించుటయో జరుగుచున్నది.

అడుగువారు

చక్రపాణి చిత్రకారుడు కాడు. తెనాలి ఐతానగరమున 1908లో పుట్టి, క్షయవ్యాధికి చికిత్స పొందుటకై మదనపల్లె ఆరోగ్యవరమునకు పోయి, పడకపై నుండియే వంగభాషను అభ్యసించి, తరువాత శరత్‌చంద్రుని నవలలను తెలుగువారి యింటి పుస్తకములుగా మార్చిన అనువాదకుడు. పరభాషలోని కథను మన యింటి మనుష్యులు మాటలాడినట్లు తిరుగ జెప్పుటయందు ఆరితేరిన ఆ చేయియే, తెనాలిలో మొలకెత్తిన ‘యువ’ మాసపత్రికను పెంచెను. అటుపిమ్మట ‘చందమామ’ను తీర్చెను. ‘యువ’ దీపావళి ప్రత్యేక సంచికలనగానే వాటి కథలకంటె ముందు వడ్డాది పాపయ్య వేసిన వర్ణచిత్రములు గుర్తునకు వచ్చు పెద్దలు నేటికిని కలరు. శ్రీకాకుళమున పుట్టి, కశింకోటలో ఒదిగి యుండిన ఆ మహానుభావునికి అంతటి విశాలమైన గోడను కట్టి యిచ్చినది పత్రికాధిపతి యభిరుచియే.

‘చందమామ’ పుటను ఒకసారి వృత్తిదృష్టితో పరిశీలింపుడు. కథ సాగుచుండగా పుటపుటకును బొమ్మకు చోటు కలదు. ఆ చోటు ఇంతయని ముందే నిర్ణీతము. చిత్రకారుని చేతికి వచ్చునది సంస్కరింపబడిన కథాభాగము. అందులో పది సంఘటనలున్నను వాడు ఎన్నుకొనవలసినది ఒక్క క్షణము. కత్తి మెడను తాకిన క్షణమును గీసినచో కథ ముందే చెప్పబడిపోవును. కత్తి ఒరలో నున్న క్షణమును గీసినచో పిల్లవాడు పుట త్రిప్పడు. కత్తి పైకి లేచి, ఎదుటివాని కన్నులు దానిని చూచియు చూడని ఆ నడిమి క్షణమును పట్టగలిగినవాడే కథాచిత్రకారుడు. ఈ విద్యను ఏ శరీరశాస్త్రపు తరగతియు, ఏ దూరసామీప్య సూత్రమును నేర్పజాలవు. కథను ముమ్మారు చదివి, మొదటి పఠనమున తాను ఎక్కడ ఊపిరి బిగబట్టెనో జ్ఞాపకముంచుకొన్నవానికే అది పట్టుబడును.

కుటుంబరావు సంపాదకుడుగా చేసినదేమి? ఏ దేశపు కథయైనను, ఏ జాతకమైనను, ఏ పురాణమైనను, దానిలోని అనవసరమైన అలంకారములను రాల్చి, జరిగినది జరిగినట్లుగా, ఒకదాని వెనుక నొకటిగా, నిర్మలమైన వాక్యములలో నిలిపెను. ఈ సంస్కారము పిల్లల కొరకని అందరును అందురు. నా మతమున అది చిత్రకారుని కొరకును అయినది. ఏలయనగా వాక్యము వర్ణనతో ఉబ్బియున్నచోట బొమ్మకు మిగులునది శూన్యము. రాజు ముఖము చంద్రబింబమని రచయితయే చెప్పివేసిన పిదప శంకర్‌కు గాని, వీరరాఘవన్‌కు గాని వేయుటకు ఏమున్నది? ‘చిత్ర’ అను పేరుతో గీసిన ఆ వీరరాఘవనే సుబ్రహ్మణ్యము ధారావాహికలకు రూపమిచ్చినవాడు. ఎవ్వరును చూడని వికృతాకార జంతువులను, ఎవ్వరును ఎక్కని దుర్గములను, నమూనా యనునది లేకయే, కేవలము వ్రాతను ఆనవాలుగా పట్టుకొని వేయవలసి వచ్చినపుడు, రచయిత తన వాక్యములలో ఎక్కడ నిలుచుండి చూచుచున్నాడో అక్కడికి చిత్రకారుడును పోయి నిలువవలెను. ఆ విధముగా ఇరువురు ఒకే చోట నిలుచుండి చూచుటచేతనే, ఆ కథలు గుర్తునకు వచ్చినపుడు వాక్యము వచ్చినదో బొమ్మ వచ్చినదో మనకు తేల్చుకొనరాకున్నది.

బ్రాహ్మణకోడూరు గోఖలే

పైసంగతిని చదివి, ‘తెనాలి సీమ సంపాదకులనే గాని చిత్రకారులను కనలేదా?’ యని ఎవరైన అడుగవచ్చును. తెనాలికిని బాపట్లకును నడుమ, పొన్నూరు పరిసరములలోని బ్రాహ్మణకోడూరున 1917లో జన్మించిన మాధవపెద్ది గోఖలే ఒక్కడు చాలును దానికి సమాధానము. నటులును గాయకులునైన మాధవపెద్దివారి వంశమున పుట్టి, కంఠమును విడిచి కుంచెను చేపట్టినవాడు ఆయన. దేవీప్రసాద్ రాయ్ చౌధురి అధ్యక్షుడుగా నుండిన మద్రాసు చిత్రకళా పాఠశాలలో శిక్షణ పొందెను. 1929 మొదలు 1957 వరకు ఆ పాఠశాలను ఏలిన రాయ్ చౌధురి స్వయముగా శిల్పి. మెరీనా యొడ్డున బండను పెకలించుచున్న శ్రామికుల విగ్రహసమూహము ఆయన చేతిపనియే. ఆ గురువునొద్ద కండరములును ఎముకలును ఎట్లు బరువు మోయునో నేర్చిన విద్యార్థి, ఆ బరువును మోయు మనుష్యులెవ్వరో తన యూరిలోనే ఎరిగియుండెను.

గోఖలే జీవితమున నన్ను ఎక్కువగా ఆకర్షించు విషయము, ఆయన బొమ్మలు వేయుచునే కథలు వ్రాయుట. అవి డ్రాయింగురూము కథలు కావు. గుంటూరు పల్లెలలోని రైతులు, కూలీలు, మాలమాదిగ వాడల మనుష్యులు తమ నోటి మాటలతోనే నడచు కథలు. ‘ప్రజాశక్తి’ పత్రికలో పనిచేసి, అభ్యుదయ సాహిత్యోద్యమముతో మమేకమైన వాడగుటచే ఆయనకు పల్లె యనునది పచ్చని పటము కాదు. 1943లో అభ్యుదయ రచయితల సంఘపు ప్రథమ మహాసభ తాపీ ధర్మారావు అధ్యక్షతన తెనాలిలోనే జరిగిన దన్న సంగతిని ఇచ్చట గుర్తు చేసికొన్నచో, కథకును చిత్రమునకును నడుమ గోడలేని ఆ కాలపు వాతావరణము కొంత యూహకు వచ్చును. సంభాషణను చెవితో వినగలిగినవాడు ఆ మనిషి నిలుచుండు భంగిమను కంటితో పట్టుకొనగలడు. పంచె ఎగగట్టిన తీరును గీయగలిగినవాడు ఆ మనిషి ఏ మాట అనునో వ్రాయగలడు. గోఖలేలో ఈ రెండు విద్యలును ఒకదానినొకటి పోషించుకొన్నవి.

ఆయన జీవిక మాత్రము కథలవలన గాని, పత్రికల బొమ్మలవలన గాని కుదురలేదు. చలనచిత్రములే ఆయనను పోషించెను. చక్రపాణియు నాగిరెడ్డియు నడపిన విజయా సంస్థలో కళాదర్శకుడుగా ‘పాతాళభైరవి’కి 1951లోను, కళాధర్‌తో కలసి ‘మాయాబజార్’కు 1957లోను ఆయన చేసిన పని నేటికిని తెరపై నిలిచి యున్నది. ‘మాయాబజార్’ చిత్రీకరణకు పూర్వమే పాత్రల వేషభూషణములను, ఆభరణములను, ఆకృతులను గోఖలే కాగితముపై బొమ్మలుగా వేసి యిచ్చెనని ఆ రంగమువారు చెప్పుదురు. ఘటోత్కచుడన్న మాట వినగానే మన మనస్సున మెదలు ఆ కిరీటమును, ఆ గదయు మొదట ఒక చిత్రకారుని కాగితముపై పుట్టినవే. ద్వారకానగరమును ఏబది అడుగుల పొడవు, అరువది అడుగుల వెడల్పు గల స్థలమున సుమారు మూడువందల చిన్నచిన్న గృహములతో నిర్మించి, దీపములు వెలిగించి చూపిరి. ఇది సినిమా పని యని తీసివేయరాదు. దర్శకుడు కె.వి. రెడ్డి చేతిలోనున్నది వ్రాతప్రతి. దానిని చదివి, ఇంకను లేని లోకమును గీతలలోనికి దించినది గోఖలే. తెనాలి పత్రికాధిపతికిని బ్రాహ్మణకోడూరు చిత్రకారునికిని మద్రాసు వడపళనిలో కుదిరిన ఈ సంయోగమును తలచినపుడెల్ల, పొన్నూరునుండి తెనాలికి ఉన్న ఆ కొద్ది దూరమును వారు మద్రాసు మీదుగా నడిచిరి గదా యనిపించును. 1981లో గోఖలే గతించెను. ఆయన కథలను చదివినవారు ఆయన బొమ్మలను చూడకుండుటయు, ఆయన సెట్టింగులను మెచ్చినవారు ఆయన కథల పేరైనను వినకుండుటయు నేటి దుఃస్థితి.

చూచి వ్రాయుట

పెద్ద పాఠశాలకు పోలేనివారి సంగతి యేమి? వారే యధికము. వడ్డాది పాపయ్యకు తండ్రి రామ్మూర్తియే గురువు. ఐదేండ్ల ప్రాయముననే రవివర్మ కోదండరాముని పటమును చూచి గీసెనని ప్రసిద్ధి. నరసాపురమున పుట్టిన బాపు మద్రాసు విశ్వవిద్యాలయమున పట్టా పుచ్చుకొన్నది న్యాయశాస్త్రమున. ఆ బాపు బొమ్మనే ముందుంచుకొని, ఆ మెడ వంపును, ఆ వాలుజడను, ఆ అక్షరముల వయ్యారమును వేలసారులు దిద్దిన ఏకలవ్యులు కృష్ణా గుంటూరు మండలములలో ఎందరో లెక్క తేల్చువారు లేరు. ఇంటిలో క్యాలెండరు, వారపత్రికలోని కథ పైబొమ్మ, పాఠ్యపుస్తకపు అట్ట, ఇవియే వారి గురుపీఠములు. గళ్లు కట్టి పెద్దది చేయుట, అద్దము క్రింద దీపముంచి నకలు తీయుట, నోటుబుక్కు చివరి పుటలు నిండించుట, ఇంతవరకు అందరి బాల్యమును ఒక్కటే.

ఇక్కడనే తండ్రి అడ్డుపడును. ‘బొమ్మలేసుకుంటా కూర్చుంటే కూడెవడు పెడతాడ్రా?’ అన్న ప్రశ్నకు ఈ డెల్టా గ్రామములలో చాలకాలముగా లభించుచున్న గౌరవప్రదమైన సమాధానము డ్రాయింగు మాస్టరుద్యోగము. ప్రభుత్వ పరీక్షలశాఖవారు జరుపు డ్రాయింగు లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు పరీక్షలలో ఉత్తీర్ణుడై, వేసవిలో 42 దినముల టి.టి.సి. శిక్షణ ముగించినవాడు బడిపంతులగుటకు ఒక మెట్టెక్కినవాడగును. ఈ పరీక్షలను పరిహసించు చిత్రకారులను నేనెరుగుదును. కూజాయు, ఘనమును, ఆకుల తీగెయు గీయించి మార్కులు వేయుటలో సృష్టి ఎక్కడనని వారు అడుగుదురు. అయినను గడువులోపల, ఇచ్చిన కొలతలో, ఇచ్చిన వస్తువునే గీయవలెనన్న నియమమును తొలిసారి విధించునవి ఆ పరీక్షలే. కథాచిత్రకారుని జీవితమంతయు ఆ నియమమునకు లోబడియే నడుచును గదా.

చూచి గీయుటవలన చేయి తిరుగును. దానితోపాటు ఒక ప్రమాదమును కలదు. ఇతరుల శైలిని దిద్దిదిద్ది పరిపూర్ణత సాధించినవానికి ఎవరైన కథ నొకదానిని చేతికిచ్చినపుడు, కథలోని స్త్రీ నలువది యేండ్ల పొగాకు కూలి యైనను, వాని చేయి మాత్రము పదునారేండ్ల వాలుకన్నుల బొమ్మనే వేయును. పత్రికాఫీసులకు పోస్టులో చేరిన నమూనా బొమ్మలు తిరుగు టపాలో వెనుకకు పోవుటకు గల కారణములలో ఇది ముఖ్యమైనదని నా యభిప్రాయము. సంపాదకునికి కావలసినది అందమైన బొమ్మ కాదు, ఆ కథకు తగిన బొమ్మ. ఈ భేదమును గ్రహించుటకు కొందరికి ఒక వారమును, కొందరికి ఒక జీవితమును పట్టును.

శైలిని చూచుటను విడిచి ప్రకృతిని చూచుట నేర్పగల పెద్ద యొకడు ఈ సీమలో చిరకాలము నివసించెను. దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో 1914లో జన్మించిన సూర్యదేవర సంజీవదేవ్, హిమాలయములలో తిరిగి, కులూ లోయలో చిత్రకారుడు నికొలస్ రోరిక్ ఆతిథ్యమును పొంది, తిరిగి తన పల్లెకే వచ్చి, 1999లో దేహము చాలించువరకు అక్కడనుండియే దేశదేశముల కళాకారులతో ఉత్తరములు నడిపెను. ఆయన పేస్టెల్ చిత్రములకంటెను, చిత్రమును ఎట్లు చూడవలెనో తెలుగులో చెప్పిన వ్యాసములే ఆరంభకులకు అధికముగా నుపకరించినవని నేను భావింతును. ఒక మేఘపు రంగును గూర్చి పుటలు వ్రాయగల పెద్దమనిషి తెనాలినుండి బస్సులో పోదగినంత దూరమున నుండుట సామాన్యమైన భాగ్యము కాదు. తెనాలిలో ‘జ్యోతి’ని నడిపి, పిదప 1990లో హైదరాబాదునుండి ‘మిసిమి’ని వెలువరించిన ఆలపాటి రవీంద్రనాథ్ సైతము చిత్రమునకును చింతనకును ఒకే పీట వేసిన పత్రికాధిపతియే.

రంగస్థలము, రంగుడబ్బా

బాపట్లకు వచ్చినచో దృష్టి పుస్తకమునుండి రంగస్థలమునకు మరలును. స్త్రీపాత్రలకు పర్యాయపదముగా వెలిగిన స్థానం నరసింహారావు 1902లో జన్మించినది బాపట్లలో. ఆయనకు కీర్తి కట్టబెట్టినది తెనాలి రామవిలాస సభ. సత్యభామకు ఏ చీర, ఏ కట్టు, ఏ నగ తగునో ఆయన చేసిన విచారము వేషధారణ మాత్రము కాదు. పద్యమును చదివి పాత్రకు రూపము కల్పించు కథాచిత్రకారుని పనియే దేహముపై జరిగినది. ఆ కాలపు నాటక సమాజములకు అంతఃపురపు తెర, అరణ్యపు తెర, వీధి తెర కావలసి యుండెను. తెరలు వ్రాయువారు వాటిని నేలపై పరచి, పొడిరంగులను జిగురుతో కలిపి, స్తంభములకు దూరసామీప్యములు కల్పించుచు గీసెడివారు. ముద్రణాలయములు లేని ఊళ్లలో పెద్ద కొలతపై చిత్రించుట నేర్పిన బడి ఆ తెరయే. నాటకములు సన్నగిల్లిన పిమ్మట ఆ చేతులే సినిమాహాళ్ల ముందు నిలువెత్తు బొమ్మలకును, దుకాణముల పలకలకును మరలినవి.

రేపల్లెను గూర్చి చెప్పవలసినది కొంచెమే. తెనాలినుండి వేమూరు, భట్టిప్రోలు మీదుగా పోవు రైలుమార్గము అక్కడితో ఆగిపోవును. ఆవల కృష్ణయు, సముద్రమును. 2022 ఏప్రిలునుండి ఆ యూరు బాపట్ల జిల్లాలో చేరినది. నాకు తెలిసినంతలో పత్రికల బొమ్మలకు ప్రసిద్ధమైన పేరేదియు ఆ యూరినుండి రాలేదు. కాని నిజాంపట్నము రేవున లంగరు వేసిన పడవల ప్రక్కలను చూడుడు: పేరు, సంఖ్య, దేవతా నామము, వాటి చుట్టును తీగెలు, చేపలు, తామరలు. ఉప్పుగాలికి పెచ్చులూడిపోవు ఆ చెక్కపై ఎనామిలు రంగుతో, సుద్దదారము కొట్టి, చేయి వణకక ఒక్క లాగుతో అక్షరమును దింపగలవాడు ఏ ముద్రణాలయమునకైనను అక్షరచిత్రకారుడుగా పనికివచ్చును. బాపు అక్షరము వలెనే వాని అక్షరమునకును సొంత నడక కలదు. దానిని ఆ కంటితో చూచినవారు లేరు, అంతే.

ఈ శతాబ్ది తొలి దశకమున ఫ్లెక్సీ వచ్చి ఈ వృత్తిని ఎట్లు కూలద్రోసినదో అందరును చూచినదే. నాలుగు దినములు పట్టు బోర్డు నాలుగు గంటలలో, చదరపుటడుగు లెక్కన, ముద్రితమై వ్రేలాడసాగెను. గోడలపై ఎన్నికల గుర్తులు వ్రాయు ఋతువు కూడ క్రమముగా క్షీణించెను. రంగుడబ్బా పట్టినవారిలో కొందరు ఫ్లెక్సీ దుకాణములలోనే కంప్యూటరు ముందు కూర్చుండిరి. కొందరు బడిగోడలపై పటములు వేయుచున్నారు. తెనాలిలో కొందరు శిల్పశాలలలో చేరిరి. ఇనుప వ్యర్థములతో నిలువెత్తు విగ్రహములు చేసి నేడు పేరొందిన తెనాలి శిల్పశాలలను చూచువారికి, ఆ యూరిలో చేతిపని చావలేదనియు, గిరాకీ యున్నవైపునకు తిరిగినదనియు స్పష్టమగును.

నలుపు గీత నేర్పిన పాఠము

నేటి పిల్లలకు తెలియని ఒక నిర్బంధమును గూర్చి కొంత నిదానముగా చెప్పవలసి యున్నది. లెటర్‌ప్రెస్ దినములలో కథ బొమ్మను జింకు రేకుపై లైన్ బ్లాకుగా చేయించెడివారు. చిత్రకారుడు తెల్లని దళసరి కాగితముపై ఇండియన్ ఇంకుతో, అచ్చుకావలసిన కొలతకంటె ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెద్దదిగా గీయును. దానిని ఛాయాచిత్రముగా తీసి, రేకుపైకి ఎక్కించి, ఆమ్లముతో తెలుపు భాగములను తినిపించగా, నలుపు గీత మాత్రము మిట్టగా నిలుచును. ఆ ప్రక్రియకు నడిమి ఛాయ తెలియదు. బూడిద రంగు కావలెనన్నచో సన్నని గీతలను దగ్గరదగ్గరగా లాగవలెను, లేదా చుక్కలు పెట్టవలెను. ఆ గీతలు మరీ దగ్గరైనచో కొలత తగ్గించినపుడు సిరా కూడుకొని మసిముద్ద యగును. ఛాయాచిత్రమువలె క్రమచ్ఛాయలు కావలెనన్నచో హాఫ్‌టోన్ బ్లాకు కలదు. దాని వెల యెక్కువ, దానికి నున్నని కాగితము కావలెను, చిన్న పత్రికలకు అది అందని పండు.

కనుక ఆనాటి చిత్రకారుడు ఏ గీత విడువవచ్చునో ముందు నేర్చెను. ఎడ్లబండి నంతటిని గీయుటకు తావు లేనిచోట చక్రపు అరచుట్టును నొగను గీసి, మిగిలినదానిని పాఠకుని కంటికి విడిచెను. దృశ్యమున దేనిని తెలుపుగా ఉంచవలెనన్న ప్రశ్న మరల కథను చదువుమని వానిని పంపెను. ఏలయనగా కథకు అక్కరలేనిదే తెలుపుగా మిగులదగినది. నేడు టాబ్లెట్‌పై కోటి రంగులు కలవు, గీసినది చెరపుటకు ఖర్చు లేదు, పొరలమీద పొరలు వేయవచ్చును. ఆ సౌలభ్యమును నిందించుట వృద్ధుల చాపల్యమే యగును. ఐనను ఆరంభకులు మొదటి ఆరునెలలు నలుపు గీత నొక్కదానినే వాడి చూచుట మంచిదని నా సలహా. ఛాయలు లేనపుడు కథలోని దోషము గాని, కల్పనలోని దోషము గాని దాగుటకు చోటుండదు.

ఇప్పుడు అడుగువారెవ్వరు? ‘చందమామ’ లేదు, ‘యువ’ లేదు. వారపత్రికలు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మిగిలినవి. అయినను పిల్లల పుస్తకముల లోకము మరియొక త్రోవను తెరచినది. మద్రాసున తూలిక ప్రచురణలవారు తెలుగులోను బొమ్మల పుస్తకములను వేయుచున్నారు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో 2015 మొదలు కథలును బొమ్మలును అందరికిని తెరచి యున్నవి. మన హైదరాబాదులోని ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ, అమెరికాలోని తెలుగు సంఘమగు తానాతో కలసి పిల్లల పుస్తకములకు పోటీలు నడపినది. ఇట్టివారియొద్దకు పోవునపుడు పది వేర్వేరు సుందరముఖములను తీసికొని పోవుటవలన ఫలము స్వల్పము. ఒకే కథను ఎత్తుకొని, అదే పాత్రను వరుసగా ఆరేడు పుటలలో, ముందునుండియు వెనుకనుండియు, కోపమునను నిద్రలోను, అదే మనిషియని గుర్తించునట్లు వేసి చూపవలెను. పాత్ర పుట దాటినను మారకుండుటయే ఈ వృత్తిలో నమ్మకమునకు ఆధారము. శంకర్ విక్రమార్కుని నెల తరువాత నెల, సంవత్సరము తరువాత సంవత్సరము నడిపించెనే గాని వాని ముఖమును మార్చలేదు. ఆయన మరణానంతరము 2021లో వచ్చిన పద్మశ్రీ అట్టి ఓర్పునకే దక్కినదని అనుకొనుటలో దోషము లేదు.

డబ్బు సంగతి మాటలాడుట మనవారికి సిగ్గు. ‘పేరు వేస్తాం గదా బాబూ’ అన్న మాటతో ఎందరి పారితోషికములో ఎగిరిపోయినవి. ఆరంభకులు తెలిసికొనవలసిన చట్టము చిన్నదే. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, పత్రికలో జీతమునకు కుదిరినవాడు ఆ యుద్యోగములో భాగముగా గీసిన బొమ్మను, వేరు ఒప్పందము లేనిచో, పత్రికలో ప్రచురించు హక్కు యజమానిది. ఇతర విధములగు హక్కులు గీసినవానివే. జీతము లేక విడిగా బొమ్మ వేసి యిచ్చువాడు, ఇచ్చుచున్నది అసలు కాగితమునా, ఒక్క ముద్రణకు అనుమతినా, సర్వహక్కులనా యన్నది ముందుగా ఒక చీటిపై వ్రాయించుకొనవలెను. రెండు వాక్యములు చాలును. ఆ రెండు వాక్యములు లేకనే అట్టబొమ్మలు క్యాలెండర్లకును, గోడపటములకును ఎక్కి, వేసినవానికి కానీ యైనను రాకపోయిన సందర్భములు వృత్తిలోనివారు కథలుగా చెప్పుకొందురు.

అదే చట్టమున ఆరంభకునకు ఉపకరించు వేరొక నిబంధనయు కలదు. రచయిత జీవితకాలమున ప్రచురితమైన రచనపై హక్కు ఆయన మరణించిన సంవత్సరము ముగిసిన పిమ్మట అరువది యేండ్లు నిలుచును. ఆపైన ఆ రచన అందరిది. ఈ లెక్కన కుటుంబరావు కథలకు 2040 చివరివరకును, గోఖలే కథలకు 2041 చివరివరకును వారసుల యనుమతి కావలెను. కాని తెనాలికి ఒక శారద కలడు. అసలు పేరు ఎస్. నటరాజన్; పుదుక్కోటనుండి తండ్రితో 1937లో తెనాలికి వచ్చి, హోటళ్లలో సర్వరుగా బ్రతుకుచు, తన మాతృభాష కాని తెలుగును నేర్చి, ఆ తెలుగులోనే కథలును, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ మొదలగు నవలలును వ్రాసి, 1955 ఆగస్టులో చిన్న వయస్సుననే మరణించెను. ఆయన జీవించి యుండగా వెలువడిన రచనలకు 2016 జనవరితో బంధము తీరినది. హోటలు వంటగదిలోని పొగ, బల్లల నడుమ గ్లాసులు మోయు కుర్రవాడు, బోసు రోడ్డులోని సందడి, అద్దె చెల్లింపలేని గదులు, అప్పులవాళ్లు, ఇవన్నియు ఆ పుటలలో వ్రాతగా నున్నవి. వాటికి నాకు తెలిసినంతలో పుటపుటకును బొమ్మలు వేసినవారు లేరు. నమూనాకై దూరము పోనక్కరలేదు, తెనాలి రైల్వేస్టేషను వెలుపలకు వచ్చినచో చాలును. అనుమతికై ఎవ్వరి గుమ్మమును ఎక్కనక్కరలేదు. నల్లసిరా, నాలుగు దళసరి కాగితములు, శారద కథ యొకటి.